“వాడు మంచోడే పిన్నీ, కోపమే ఎక్కువ” అంటోంది పాప

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి కావలిలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదహారు నిండాయి. టౌనులో సెల్‌ఫోన్ షాపులో పనిచేసే 19 ఏళ్ల అబ్బాయితో మాట్లాడుతోందని ఈ మధ్యే తెలిసింది. పొద్దస్తమానం వీడియో కాల్, ఎక్కడుందో లొకేషన్ పెట్టాలి, స్నేహితురాళ్లతో తిరిగితే గొడవ. మొన్న జబ్బ లోపలివైపు కమిలిన మచ్చలు చూసి అడిగితే బస్సు డోరు తగిలిందంది. ‘రేపు రాకపోతే ఆ ఫోటోలు మీ నాన్నకు పంపిస్తా’ అన్న మెసేజ్ ఆమె ఫోన్లో నా కంటబడింది. గట్టిగా అడిగితే ఏడ్చేసి, ‘వాడు మంచోడే పిన్నీ, కోపమే ఎక్కువ’ అంటోంది. మా బావకు తెలిస్తే చదువు మాన్పించి మా అన్న కొడుక్కిచ్చి పెళ్లి చేసేస్తాడు. కేసంటే పరువు పోతుందని భయం. ఏం చెయ్యాలి?

సమాధానం: ముందు ఆ మచ్చల సంగతి చూద్దాం. బస్సు డోరు తగిలితే దెబ్బ మోచేతికో, ముంజేతికో, భుజం బయటివైపుకో తగులుతుంది. జబ్బ లోపలివైపు మెత్తని చోట రూపాయి బిళ్లంతేసి మచ్చలు మూడు నాలుగు పక్కపక్కనే, వెనకవైపు ఇంకొకటి ఉన్నాయంటే అవి చాలావరకు వేళ్ల గుర్తులే. పట్టుకుని గుంజినప్పుడు అలా పడతాయి. కావలి ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటోందా, మెడ చుట్టూ చున్నీ తీయడం లేదా, గమనించండి. మెడ మీద చెయ్యి వేశాడేమో అని మాత్రం తప్పనిసరిగా అడగాలి. గొంతు పట్టుకున్నవాడు ముందుముందు ప్రాణం మీదికి తెచ్చే అవకాశం చాలా ఎక్కువ. పైకి గుర్తు లేకపోయినా గొంతు బొంగురుపోవడం, మింగడానికి నొప్పి, తల తిరగడం, కళ్లలో ఎర్రటి చుక్కలు ఉంటే ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లోపలి వాపు గంటల తర్వాత కూడా ఊపిరికి అడ్డుపడొచ్చు.

ఇది ప్రేమికుల మధ్య అలకా, హింసా అన్న సందేహం మీ ఉత్తరంలో ఉంది. అలకలో ఇద్దరూ అలుగుతారు, ఇద్దరూ కాదనగలరు. ఇక్కడ కాదంటే ఏమవుతుందో అన్న భయం ఒకరికే ఉంది. లొకేషన్ అడగడం, స్నేహితురాళ్లను దూరం చెయ్యడం, వీడియో కాల్‌లో ఎవరి పక్కన కూర్చుందో చూపించమనడం, తర్వాత చెయ్యి చేసుకోవడం, తర్వాత ఫోటోల బెదిరింపు: ఈ వరస మామూలుగా ఇలాగే నడుస్తుంది. మధ్యలో కాళ్లు పట్టుకుని ఏడవడం, చాక్లెట్లు, ‘నువ్వు లేకపోతే చచ్చిపోతా’ కూడా ఉంటాయి. పాప చెప్పే ‘మంచోడు’ ఆ మధ్యరోజుల మనిషి. ఆమె అబద్ధం చెప్పడం లేదు.

అందుకే వాణ్ణి తిట్టి మొదలుపెట్టకండి. మీరు తిడితే ఆమె వెనకేసుకొస్తుంది, మాట అక్కడితో తెగిపోతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారించినట్టు కాకుండా, రాత్రి మిద్దె మీద బట్టలు తీస్తున్నప్పుడో, ఇద్దరూ పూలు కట్టుకుంటున్నప్పుడో కదిలించండి. చేతులకు పనుండి, కళ్లలోకి చూడాల్సిన పని లేకపోతే పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. ‘అతనికి కోపమొస్తే నువ్వేం చేస్తావు?’, ‘ఎప్పుడైనా రానంటే ఏమంటాడు?’, ‘ఆ ఫోటోలు నువ్వు ఇష్టపడి పంపావా, పంపేదాకా వదల్లేదా?’ ఇలా అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి టైము పడుతుంది. ఫోటోలు పంపినందుకు తిట్టనని, దాన్ని వాడుకుని బెదిరించడమే తప్పని ఒకటికి రెండుసార్లు చెప్పండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం ఒట్టు వెయ్యకండి. ‘నీకు తెలియకుండా, నీతో మాట్లాడకుండా ఎవరికీ చెప్పను’ అనండి. ఆ మాట నిలబెట్టుకోగలరు.

‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని కూడా నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. మీది వ్యవసాయం ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీసి తాళం వేసిన చోట పెట్టండి. క్షణికావేశంలో చేతికి అందేది అదే. ఫోన్లో మాట్లాడే సాయం టెలీ మానస్ నంబరు 14416లో 24 గంటలూ తెలుగులో దొరుకుతుంది. ఆ అబ్బాయి చెయ్యి కోసుకుంటానని బెదిరిస్తే ఆ భారం పాప మొయ్యాల్సిన పని లేదు. అతని ఇంట్లోవాళ్లకో పోలీసుల అత్యవసర నంబరు 112కో చెప్పడంతో మీ బాధ్యత తీరుతుంది. పాప పరుగెత్తుకుని అతని దగ్గరికి వెళ్లకూడదు.

మన దగ్గర ఇలాంటివి తెలియగానే ఇంట్లో జరిగేవి మూడు: ఫోన్ లాక్కోవడం, అన్నదమ్ముల్ని పంపి నాలుగు తగిలించడం, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టడం. ఈ మూడూ పని చెడగొడతాయి. ఫోన్ లాక్కుంటే మెసేజ్ అందని కోపంలో అతను ఫోటోలు పెట్టేస్తాడు, లేదా కాలేజీ గేటు దగ్గరికి వస్తాడు. పైగా పాప ఇంకెవరి ఫోన్ నుంచో మాట్లాడుతుంది, ఈసారి మీకు కనబడదు. కొట్టిస్తే కేసు మీవాళ్ల మీద పడుతుంది, అతను బాధితుడవుతాడు. పెద్దమనుషుల రాజీ అసలు చెల్లదు, ఎందుకంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు రాజీ కుదుర్చుకునే కేసు కాదు. అక్కడ చివరికి తేలేది కూడా చాలాసార్లు ‘రెండేళ్లాగి వాడికే ఇచ్చి చేసేద్దాం’ అన్నదే, అంటే కొట్టేవాడి చేతికే అప్పగించడం.

ఇక చట్టం. పాపకు 18 నిండలేదు కాబట్టి 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. పిల్లల్ని లైంగిక ఉద్దేశంతో వెంటాడటం, ఫోన్లో పదే పదే వేధించడం, వాళ్ల శరీరం కనబడే ఫోటోలు బయటపెడతానని బెదిరించడం 11వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. ఫోటో నిజమైనదే కానక్కర్లేదు, మార్ఫింగ్ చేసిందైనా అంతే. ఆ ఫోటోలు మామూలు సెల్ఫీలే అయినా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి, బెదిరించడం 351 కిందికి వస్తాయి. ఇద్దరి మధ్య శారీరక సంబంధం కూడా ఉంటే, ఆమె ఒప్పుకుందా లేదా అన్నదాన్ని పదహారేళ్ల వయసులో చట్టం లెక్కలోకి తీసుకోదు.

మీకు ఇబ్బందిగా ఉండే మాట ఒకటి చెప్పక తప్పదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందని భయం ఉన్నవారు ఎవరైనా పోలీసులకు తెలపాలి. తెలిసీ ఊరుకుంటే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. నిజమనుకుని చెప్పినవారి మీద, తర్వాత కేసు నిలబడకపోయినా, ఏ చర్యా ఉండదు. ‘నన్నడిగితే కేసు వద్దు పిన్నీ’ అని పాప అంటే, ఆ నిర్ణయం ఆమె నెత్తిన లేదని, చట్టం మీ మీద పెట్టిందని చెప్పండి. కొందరు పిల్లలకు ఆ మాటే ఊరట. అతనికి ‘ఫిర్యాదు నేనే ఇప్పించాను’ అని సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం తప్పుతుంది.

ఫిర్యాదుకు ముందు ఒక గంట ఆధారాల మీద పెట్టండి. బ్లాక్ చెయ్యడం ఆ తర్వాతే. వాట్సాప్‌లో పంపినవాడు రెండు రోజుల పైచిలుకు వరకు మెసేజ్‌ను అందరికీ కనబడకుండా తీసేయగలడు కాబట్టి బెదిరింపు మెసేజ్‌లు నంబరు, తేదీ, టైము కనబడేలా వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. అక్కడ మీ ఫోన్‌తో ఆమె ఫోన్ తెరను ఫోటో తీసుకోవడమే మేలు. ఇన్‌స్టాగ్రామ్‌లో పైన కనబడే పేరు కాకుండా అకౌంట్ యూజర్‌నేమ్ రాసిపెట్టుకోండి, పేర్లు మార్చేస్తుంటారు. మచ్చల ఫోటోలు పగటి వెలుతురులో తీయండి: ఒకటి ముఖం కూడా కనబడేలా, ఒకటి దగ్గరగా పక్కన స్కేలు పెట్టి. రెండు రోజుల తర్వాత మళ్లీ తీయండి, కమిలిన చోట రంగు మారుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో ఒక నోటుబుక్కులో ఆమె మాటల్లోనే రాయించండి. ఫోన్ రీసెట్ చెయ్యొద్దు, అసలు ఫోన్ పోలీసులకు కావాలి.

ఆ ఫోటోలనైతే ‘సాక్ష్యం’ పేరుతో మీరు కూడా ఎవరికీ పంపొద్దు. అక్కకు కాదు, లాయరుకు కాదు, వాట్సాప్‌లో అసలు కాదు. 18 లోపు పిల్లల అలాంటి ఫోటో ఒకరి నుంచి ఒకరికి పంపడమే నేరం. అవి ఆమె ఫోన్లోనే ఉంటే అక్కడే ఉండనివ్వండి, పోలీసులు ఫోన్‌తో పాటే తీసుకుంటారు. ఇంటర్నెట్‌లోకి రాకుండా ముందుజాగ్రత్తగా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది, 18 లోపు వయసులో తీసిన ఫోటోల కోసమే. ఫోటో ఎక్కడికీ పోదు, ఫోన్లోనే దానికొక డిజిటల్ ముద్ర తయారవుతుంది, ఆ ముద్రే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు వెళుతుంది. అదే ఫోటో ఎవరైనా అక్కడ పెడితే అవి పట్టుకుని తీసేయగలవు. వాట్సాప్‌లో చేతులు మారేదాన్ని మాత్రం ఇది ఆపలేదు.

అబ్బాయి సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాడన్నారు. ఇది చిన్న విషయం కాదు. ఆ ఫోన్ అతను ఇచ్చిందో, బాగుచేసిందో, పాస్‌వర్డ్ అతనికి తెలుసో కనుక్కోండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూస్తే ఆమె చాట్ వేరే ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరిచి ఉందా అన్నది తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, వాట్సాప్ ప్రైవసీలో లైవ్ లొకేషన్, స్నాప్‌చాట్ మ్యాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో, గూగుల్ అకౌంట్‌లో ఏ ఫోన్లు ఉన్నాయో చూడండి. చూడటం వరకే, అప్పుడే కట్ చెయ్యొద్దు. ఒక్కటి ఆపినా అతనికి అనుమానం వస్తుంది. ఫిర్యాదు చేసిన రోజు, ఇంట్లో మనుషులున్నప్పుడు, అన్నీ ఒకేసారి ఆపి, మీ ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ ఫోన్ అతని చేతిలో పడివచ్చిందే అయితే దాన్ని ఇక నమ్మొద్దు. వేరే ఫోన్, కొత్త గూగుల్ అకౌంట్ పెట్టండి, పాతది అలాగే దాచండి. అప్పటిదాకా హెల్ప్‌లైన్ కాల్స్ మీ ఫోన్ నుంచే చెయ్యండి.

‘ఒక్కసారి కలువు, నీ ముందే డిలీట్ చేస్తా’ అని తప్పకుండా అంటాడు. బీచ్‌కో, ఎవరో స్నేహితుడి రూముకో రమ్మంటాడు. వెళ్లనివ్వకండి. విడిపోవాలనుకున్న రోజులే ఇలాంటి సంబంధాల్లో అన్నిటికన్నా ప్రమాదం, ఆఖరిసారి అని కలిసిన చోటే పెద్ద దెబ్బలు జరుగుతాయి. డిలీట్ చేసినా అతని దగ్గర కాపీ ఉండదన్న భరోసా ఏమీ లేదు. డబ్బో గొలుసో అడిగితే ఇవ్వొద్దు, ఇచ్చినచోట మళ్లీ అడుగుతారు. యాసిడ్ పోస్తా, పెట్రోల్ పోస్తా అన్నాడా, కత్తి చూపించాడా, ఇంటి దగ్గర తిరుగుతున్నాడా, ఇక రేపటిదాకా ఆగకుండా 112.

అంత అత్యవసరం కాకపోతే 1098తో మొదలుపెట్టండి. పిల్లల హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం. జిల్లా బాలల రక్షణ యూనిట్ వాళ్లు ఇంటికి వచ్చి మాట్లాడగలరు, పోలీసుల దగ్గరికి మీతో రాగలరు. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌కు కలుపుతారు. అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, లాయరు సలహా ఒకే చోట దొరుకుతాయి, అవసరమైతే అయిదు రోజుల దాకా ఉండనిస్తారు. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెనూ అడగొచ్చు, ఊళ్లో మాట పాకుతుందన్న భయం ఉంటే నేరుగా 1098 మేలు. 2025 మార్చి 8న మార్కాపురంలో మొదలైన ఏపీ పోలీసుల శక్తి యాప్ మీ ఫోన్లో, పాప ఫోన్లో వేసుకుని ఎస్‌ఓఎస్ బటన్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఆన్‌లైన్ బెదిరింపుకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం వేరే ఉంది. పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

స్టేషన్ అంటే మీరు ఊహించుకునే దృశ్యం పోక్సోలో ఉండకూడదు. పాప వాంగ్మూలం ఇంట్లోనో ఆమె కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్‌ఐకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు, నిందితుడు ఎదురుపడకూడదు. పాప నమ్మే పెద్ద మనిషి, అంటే మీరు, పక్కన ఉండొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్‌ఐఆర్) ఇవ్వొచ్చు, ఎఫ్‌ఐఆర్ కాపీ వాళ్లు ఉచితంగా ఇవ్వాలి. ‘ప్రేమ వ్యవహారం, మాట్లాడుకోండి’ అని పంపేస్తే, పోక్సో ఫిర్యాదు రాసుకోని పోలీసు మీద కూడా చర్య ఉంటుందని మర్యాదగా గుర్తుచేయండి. వినకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపండి, లేదా సోమవారం నెల్లూరు ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునేచోట ఇవ్వండి. లాయరు ఖర్చు గురించి దిగులొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100.

పరువు గురించి అడిగారు. పోక్సోలో పాప పేరు, ఊరు, కాలేజీ, కుటుంబం, ఏదీ పత్రికలు రాయకూడదు, టీవీలు చూపకూడదు, విచారణ మూసిన గదిలో జరుగుతుంది. నిజానికి ఊళ్లో మాట ఎక్కువగా పాకేది పంచాయితీల్లోంచే.

శారీరక సంబంధం బలవంతంగానో కాకుండానో జరిగి ఉంటే, మూడు రోజుల లోపైతే గంటలు లెక్క. హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, గర్భం రాకుండా మాత్రలు అయిదు రోజుల దాకా పనిచేయొచ్చు, ఏదైనా ఎంత త్వరగా అయితే అంత మంచిది. కావలి ఏరియా ఆస్పత్రికి గానీ నెల్లూరు పెద్దాస్పత్రికి గానీ వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ లేదని వైద్యం ఆపకూడదు, డబ్బు అడగకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి ఆధారం పాడవుతుంది.

మీ బావ సంగతే అన్నిటికన్నా కష్టం. దాచి నెట్టుకురావడం కుదరదు, అతనికి బయటినుంచి తెలిసిన రోజు ఇంకా చెడుతుంది. ముందు అక్కతో మాట్లాడండి, తర్వాత బావ మాట వినే మనిషినొకర్ని పక్కన పెట్టుకుని ఆయనకు చెప్పండి. ప్రేమ దగ్గర మొదలుపెట్టొద్దు. ‘మన పాపను ఒకడు బెదిరిస్తున్నాడు బావా, కొట్టాడు, మేం 1098కి చెప్పాం, ఇప్పుడు పాపకు నువ్వు కావాలి’ అనండి. కోపం వాడి మీదికి మళ్లాలి, పాప మీదికి కాదు. పెళ్లి మాట తెస్తే 18 లోపు పెళ్లి చేసినవారికి, దగ్గరుండి జరిపించినవారికి రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయని చెప్పండి. అది మీ అన్నకూ వర్తిస్తుంది, అదీ చెప్పండి. ముహూర్తాలదాకా వెళితే 1098కే ఫోన్, వాళ్లు ఆపిస్తారు. అప్పటిదాకా పాప మీ ఇంట్లోనే ఉంటే మంచిది.

కాలేజీ మాన్పించకండి. ప్రిన్సిపాల్‌కు లేదా పాప ఇష్టపడే మేడమ్‌కు చెప్పి, బయటివాళ్లు అడిగితే ఆమె వివరాలు ఇవ్వకుండా, మీరు తప్ప ఎవరొచ్చినా పంపకుండా చూడమనండి. పల్లెవెలుగు బస్సు దిగేచోట ఒక నెల రోజులు మీరో బాబాయో ఉండండి, టైము కొంచెం మార్చండి. ఇద్దరు స్నేహితురాళ్లకు తెలిస్తే చాలు. అతను కనబడగానే వాళ్లు మీకు ఫోన్ చేస్తారు.

ఇంత చేశాక కూడా రెండు నెలలకు పాప కొత్త నంబర్లోంచి అతనితో మాట్లాడిందని మీకు తెలియొచ్చు. ఇది మామూలే, మీరు ఓడిపోయినట్టు కాదు. అరవకుండా, ఈసారి ఏమన్నాడో అడగండి. బెదిరింపు ఉంటే మళ్లీ స్క్రీన్‌షాట్లు తీసి కేసు చూస్తున్న అధికారికి ఇవ్వండి, బెయిల్ మీద ఉన్నవాడు బాధితురాలిని కదిలించడం కోర్టు ముందుకు తీసుకెళ్లదగ్గ విషయం. కౌన్సెలింగ్ ఒకసారితో ఆపకండి, ఇంటర్ రెండో ఏడాది పరీక్షలదాకా నడవనివ్వండి.